ఉపపత్తిని అచ్చున కూర్చు విధము

కొన్ని సంవత్సరముల క్రిందట మేము పదవ తరగతి పిల్లల కొరకు క్షేత్రగణిత సిద్ధాంతములను కొన్నిటిని ఏరి, వాని ఉపపత్తులను సులభమైన తెలుగులో వ్రాసి, చిన్న పుస్తకముగా అచ్చు వేయించితిమి. తెలుగు మాధ్యమపు గైడులు అంగళ్ళలో సులభముగా దొరకని ఊరు మనది. అందుచేత ఆ పుస్తకముపై పిల్లలకు మిక్కిలి ఆశ యుండెను. ప్రతులు వచ్చిన మరునాడే ఒక బాలిక పుస్తకము తెరచి పట్టుకొని వచ్చి, “సార్, ఈ చుక్కలు తలక్రిందుగా ఉండాయి కదా?” అని అడిగినది.

చూచితిమి. ‘కాబట్టి’ అను అర్థమిచ్చు మూడు చుక్కలు (∴) ఉండవలసిన చోట ‘ఏలయనగా’ అను అర్థమిచ్చు మూడు చుక్కలు (∵) ఉన్నవి. ఇవి ఉండవలసిన చోట అవి ఉన్నవి. పుస్తకము పొడుగునను ఇదే తీరు. అంతటితో పోలేదు. 60° అని మేము వ్రాసినది 600 అయి కూర్చున్నది. త్రిభుజపు మూడు కోణముల మొత్తము 1800 అయినది. 5² అనునది 52 అయినది. అచ్చు కూర్చినవారిని తప్పు పట్టుటకు మాకు నోరు లేదు. వారు తెచ్చి యిచ్చిన ప్రూఫులను చదివి, ‘సరి’ అని సంతకము చేసినది మేమే. మేము అక్షరదోషములను వెదకితిమి గాని గుర్తులవంక చూడలేదు. ‘ప్రూఫు’ అను ఒకే మాటకు అచ్చాఫీసులో ఒక అర్థమును, గణితపు తరగతిలో మరియొక అర్థమును ఉన్నవి. ఆనాడు మేము రెండర్థములందును తప్పితిమి.

చుక్కలు తలక్రిందులైనంత మాత్రమున మునిగినదేమి అని ఎవరికైనను తోచవచ్చును. కావున దానిని కొంచెము విప్పి చెప్పెదము. క, చ, ట అను శీర్షములు గల త్రిభుజమును తీసికొందము. క చ, క ట అను భుజములు సమానములు, ఇది దత్తాంశము. చ, ట యందలి కోణములు సమానములని చూపవలెను, ఇది సారాంశము. మేము వ్రాసినది ఇది:

∵ క చ = క ట
∴ ∠చ = ∠ట

అచ్చయినది ఇది:

∴ క చ = క ట
∵ ∠చ = ∠ట

మొదటిది ‘భుజములు సమానములు కనుక కోణములు సమానములు’ అని చెప్పుచున్నది. రెండవది ‘కోణములు సమానములు కనుక భుజములు సమానములు’ అని చెప్పుచున్నది. అనగా సిద్ధాంతము పోయి దాని విపర్యయము వచ్చి కూర్చున్నది. ఈ ఒక్క చోట విపర్యయము కూడ సత్యమే. కావుననే మా కంటికి తప్పు కానరాలేదు. అయితే వేరొక పుటలో సర్వసమాన త్రిభుజములను గూర్చిన వాక్యమొకటి ఉన్నది. త్రిభుజములు సర్వసమానములు కనుక వైశాల్యములు సమానములు అని మేము వ్రాయగా, వైశాల్యములు సమానములు కనుక త్రిభుజములు సర్వసమానములు అని అచ్చయినది. ఇది శుద్ధాబద్ధము. లంబకోణమును ఏర్పరచు భుజములు 6 సెంటీమీటర్లు, 4 సెంటీమీటర్లు గల త్రిభుజము నొకదానిని, 8 సెంటీమీటర్లు, 3 సెంటీమీటర్లు గల దానిని వేరొకదానిని అట్టపై గీచి కత్తిరింపుడు. రెండింటి వైశాల్యమును 12 చదరపు సెంటీమీటర్లే. ఒకదానిపై నొకటి పెట్టినచో ఏ విధమునను సరిపోవు. మూడు చుక్కలు తిరిగినందున నూరు ప్రతులలో అసత్యము అచ్చయి, పిల్లల చేతికి చేరినది. అచ్చు పుస్తకములో ఉన్నదానిని నమ్మవలెనని వారికి నేర్పినదియు మేమే గదా!

ఒక వాక్యమును త్రిప్పినచో అది నిజముగా నిలుచునా నిలువదా అను విచారము మనకు క్రొత్త గాదు. కావేరిపట్టణపు మేడమీద నిలుచుండి కృష్ణగిరి దుర్గమున్న కొండవైపు చూచి, “అక్కడ పొగ లేచుచున్నది, నిప్పు ఉండవలెను” అని ఎవరైనను అనవచ్చును. మన న్యాయశాస్త్రము సరిగా ఈ మాటనే పట్టుకొని ఐదు అవయవములుగా విడదీసినది. కొండపై నిప్పు ఉన్నదనుట ప్రతిజ్ఞ. పొగ ఉన్నందున అనుట హేతువు. ఎక్కడ పొగ ఉండునో అక్కడ నిప్పు ఉండును, వంటయింటిలో వలె అనుట ఉదాహరణము. ఈ కొండయు అట్టి పొగ గలదియే అనుట ఉపనయము. కాబట్టి నిప్పు ఉన్నదనుట నిగమనము. మన క్షేత్రగణిత పాఠముతో పోల్చి చూడుడు. ప్రతిజ్ఞ మన సారాంశము; హేతువు మన ∵; ఉదాహరణమున చెప్పిన సామాన్యవాక్యము మనము ఎత్తి చూపు పూర్వసిద్ధాంతము; ఉపనయము దానిని మన పటమునకు అన్వయించుట; నిగమనము మన ∴. ఈ శాస్త్రమును బాలురకు బోధించుటకై ‘తర్కసంగ్రహము’ అను చిన్న గ్రంథమును సంస్కృతమున రచించిన అన్నంభట్టు ఆంధ్రుడని పెద్దలు చెప్పుదురు.

ఆ నైయాయికులు మరియొక ప్రశ్నయు వేసికొనిరి. పొగ ఉన్నచోట నిప్పు ఉండును. మరి నిప్పు ఉన్నచోట నెల్ల పొగ ఉండునా? ఉండదు. కొలిమినుండి కమ్మరి తీసిన ఎర్రని ఇనుపముద్ద యందు నిప్పు కలదు, పొగ లేదు. మా పుస్తకమున జరిగిన తప్పు ఇదియే. పొగను నిప్పుచేసి, నిప్పును పొగచేసితిమి.

అయితే వారికి అచ్చుకూర్పు చిక్కు లేదు. తాటియాకుపై మాటకు మాటకు నడుమ ఎడము లేక వ్రాసిన పంక్తులను గురుముఖమున విని నేర్చుకొనిరి; ఎక్కడ ఆగవలెనో, ఏది కారణమో, ఏది ఫలితమో గురువుగారి గొంతుకయే చెప్పెడిది. మన భాషలో గణితమును 11వ శతాబ్దిలోనే పావులూరి మల్లన పద్యములలో చెప్పెను. మహావీరాచార్యుని సంస్కృత గణితగ్రంథమే దానికి మూలము. పద్యమునకు ఛందస్సు కాపలా. ఒక అక్షరము జారినచో చెవి పట్టుకొనును. ఉపపత్తికి అట్టి కాపలా లేదు. పుటమీద దాని అమరికయే దానికి కాపలా.

ఆ అమరిక ఎట్లు వచ్చినదో కొంచెము చెప్పవలెను. సమానమునకు రెండు సమాంతర రేఖలను (=) గుర్తుగా పెట్టినవాడు రాబర్ట్ రికార్డ్; 1557లో. ‘కాబట్టి’కి మూడు చుక్కలను అచ్చువేసినవాడు యోహాన్ రాన్, 1659లో, జ్యూరిచ్ నగరమున. భాగహారపు గుర్తు (÷) కూడ ఆ పుస్తకముననే మొదట అచ్చుపడినది. మనము గమనింపదగిన సంగతి యొకటి కలదు. ఆ కాలమున ఐరోపాలో పండితుల భాష లాటిను. ఈ ఇరువురును లాటినులో వ్రాయలేదు. రికార్డ్ ఇంగ్లీషులోను, రాన్ జర్మనులోను, అనగా జనులు మాటలాడు భాషలలో వ్రాసిరి. రాన్ తన గ్రంథమునకు పేరే ‘జర్మను బీజగణితము’ అని పెట్టుకొనెను. ఈనాడు లోకమంతయు వాడు గుర్తులు ఇట్టి పుస్తకములలో పుట్టినవి.

రాన్ చేసిన పనిలో గుర్తులకంటె గొప్పది మరియొకటి. అతడు పుటను మూడు నిలువు వరుసలుగా విభజించెను. నడుమ పంక్తిసంఖ్య, ఒక ప్రక్క ఆ పంక్తి ఏ పంక్తులనుండి ఎట్లు వచ్చినదో చెప్పు మాట, మరియొక ప్రక్క వచ్చిన ఫలితము. చుక్కల విషయమున మాత్రము అతడును మావంటివాడే! ∴, ∵ అను రెండింటిని అతడు ‘కాబట్టి’ అను అర్థముననే వాడెను, మొదటిదానిని ఎక్కువగా. రెండవది ‘ఏలయనగా’ అని స్థిరపడుటకు ఇంచుమించు నూటయేబది సంవత్సరములు పట్టినది. ఈ సంగతి తెలిసినప్పుడు మాకు కొంత ఊరట కలిగిన మాట నిజము. కాని మా పిల్లల పరీక్ష 1659లో జరుగదు.

సీసపు అక్షరములతో కూర్చు రోజులలో ఒక టైపును తలక్రిందుగా నిలిపినచో ∴ అనునది ∵ అయిపోవును. రెండింటికి ఒకే ముక్క చాలును. కొందరు ఈ గుణమునే ఉపయోగించుకొనిరి. ‘ఒకటైనను కలదు’ అని చెప్పుటకు తర్కశాస్త్రమున వాడు ∃ అనునది రోమను లిపిలోని ఐదవ అక్షరమును వెనుకకు త్రిప్పినది. ఇటలీ దేశపు పెయానో 1897లో దానిని తెచ్చెను. ‘అన్నిటికిని’ అని చెప్పు ∀ అనునది అదే లిపిలోని మొదటి అక్షరపు తలక్రిందు రూపము. జర్మనీ దేశపు గెంట్సెన్ 1935లో దానిని తెచ్చెను. క్రొత్త అక్షరమును పోతపోయ నక్కరలేక, ఉన్నదానినే త్రిప్పి పెట్టినచో సరిపోయెడిది. వీని ప్రయోజనమును ఒక్క మాటతో చూపెదము. “ప్రతి పిల్లకును ఒక ఉపాధ్యాయుడు కలడు” అన్నప్పుడు, అందరికిని ఒక్కడేనా, ఎవరికి వారికి వేరువేరుగనా? తెలుగు వాక్యము రెండర్థములకును తావిచ్చుచున్నది. ∀ ముందు వచ్చినచో ఎవరి ఉపాధ్యాయుడు వారికి. ∃ ముందు వచ్చినచో అందరికిని ఒక్కడే. గుర్తుల వరుస సందేహమును తీర్చును. కూర్చువాడు ఆ వరుసను మార్చినచో అర్థమే మారును.

అందరును కంపోజిటరుపై ఇట్టి దయ చూపలేదు. గొట్లోబ్ ఫ్రేగె అను జర్మను పండితుడు 1879లో తర్కమునకు ఒక క్రొత్త లిపినే కల్పించెను. అందు వాక్యములు పంక్తిలో నడువవు. అడ్డగీతలతోను నిలువుగీతలతోను చెట్టుకొమ్మలవలె క్రిందికి దిగును. ఇతడు జపానువారివలె నిలువుగా వ్రాయుచున్నాడని ఒక విమర్శకుడు ఎత్తిపొడిచెను. అచ్చుకూర్చువాని సుఖమే అన్నిటికంటె గొప్ప మేలు కాదని ఫ్రేగె తరువాత సమాధానము చెప్పెను. మాట నిజమే గాని ఆ లిపిని అతని వెనుక ఎవ్వరును వాడలేదు. ఆ పుస్తకము అచ్చయిన ఊరు హాలె. తెలుగువారికి ఆ ఊరితో ఒక చుట్టరికము కలదు. తెలుగు అక్షరములు మొట్టమొదట పుస్తకముగా అచ్చయినది 1746లో ఆ ఊరిలోనే, బెంజమిన్ షుల్జ్ అను క్రైస్తవబోధకుని పూనికచే.

పెయానో వేరు విధమువాడు. తన గుర్తులను ఒకే పంక్తిలో నడచునట్లు అమర్చెను. కుండలీకరణములకు బదులు చుక్కలు పెట్టెను. అచ్చాఫీసువారితో వేగలేక 1898లో ఒక చిన్న ముద్రణయంత్రమును తానే కొని, అక్షరములు కూర్చుట నేర్చుకొనెను. విశ్వవిద్యాలయపు ఆచార్యుడు చేతులకు మసి పూసికొని టైపులు ఏరుట మాకు మిక్కిలి నచ్చిన సంగతి. అతని గుర్తులను తీసికొని వైట్‌హెడ్, రస్సెల్ అను ఇరువురు ఇంగ్లండులో మూడు పెద్ద సంపుటములను 1910 మొదలు 1913 వరకు వెలువరించిరి. గణితమునంతను తర్కము నుండి రాబట్టుట వారి పూనిక. మొదటి సంపుటమున 379వ పుటకు వచ్చిన తరువాత గాని ఒకటియు ఒకటియు రెండు అనుటకు దారి ఏర్పడదు. పుటపుటయు గుర్తులే. దానిని అచ్చువేసినచో 600 పౌనుల నష్టము వచ్చునని కేంబ్రిడ్జి ముద్రణాలయము వారు లెక్క చూచుకొనిరి. అందు 300 వారే భరించిరి. రాయల్ సొసైటీ 200 ఇచ్చినది. తక్కిన 100 పౌనులను గ్రంథకర్తలిరువురును చెరిసగము తమ జేబునుండి ఇచ్చుకొనిరి. పదియేండ్ల శ్రమకు ప్రతిఫలముగా తలకొక 50 పౌనుల ఖర్చు!

ఇక మన తెలుగు మాటకు వత్తము. తెలుగులో ఉపపత్తిని కూర్చుటలో ఇతర భాషలవారికి లేని చిక్కులు కొన్ని కలవు. వానిని మేము మా తప్పులవలననే తెలిసికొంటిమి.

మొదటిది ఆ ∵ గుర్తే. ఇంగ్లీషులో ‘ఏలయనగా’ అను మాట కారణమునకు ముందు వచ్చును. గుర్తు కూడ ముందే వచ్చును. కన్నును నోరును ఒకే దిక్కున నడచును. తెలుగులో మనము ‘క చ, క ట సమానములు కనుక’ అందుము. ‘కనుక’ అనునది కారణమునకు వెనుక వచ్చును. పిల్లవాడు ∵ క చ = క ట అను పంక్తిని చదువునప్పుడు వినుడు: మొదట చుక్కలను మ్రింగివేసి, సమానములని చదివి, చివర ‘కనుక’ అనును. కన్ను ముందు చూచినది నోట చివర వచ్చుచున్నది. ఆ ‘కనుక’ తరువాతి పంక్తిలోని ‘కాబట్టి’తో కలిసిపోవుటచేత రెండు గుర్తులును ఒకటే యను భ్రమ కలుగును. మా పుస్తకమును చదివిన నలువది మందిలో ఒక్క బాలిక మాత్రమే తప్పును పట్టుటకు ఇదియే కారణమై యుండునని మా ఊహ.

‘అయినచో’ అనుదానితో ఇట్టి బాధ లేదు. ‘పొగ ఉన్నచో నిప్పు ఉండును’ అను మాటల వరుసలోనే, పొగ → నిప్పు అని బాణము పోవును. కాని ‘నిప్పు ఉన్ననే పొగ ఉండును’ అన్నప్పుడు జాగ్రత్త వలెను. మాటల వరుస తిరిగినది, అర్థము తిరుగలేదు. ఇప్పుడును బాణము పొగనుండి నిప్పునకే. ఒక్క ‘నే’ అను అక్షరము బాణమును వెనుకకు త్రిప్పుచున్నది. కూర్చువాడు దానిని వదలివేసినచో మరల ఇనుపముద్ద దగ్గరకు వత్తుము.

రెండవది బిందువుల పేర్లు. ఇంగ్లీషు పుస్తకములలో బిందువుల పేర్లను, అవ్యక్తరాశుల పేర్లను ప్రక్కకు వాలిన అక్షరములలో కూర్చుదురు. అది మాట కాదు, పేరు అని కంటికి తెలియును. తెలుగు అచ్చున వాలు అక్షరముల సంప్రదాయము లేదు. త, ల అను రెండు బిందువులను కలుపు రేఖ ‘తల’ అగును. క, ల లను కలుపునది ‘కల’ అగును. ఒకసారి మేము ప, డ, క అను శీర్షములు పెట్టి, ‘పడక త్రిభుజమున’ అని నల్లబల్లపై వ్రాయగా తరగతి అంతయు నవ్వినది. అందుచేత రెండు నియమములు పెట్టుకొంటిమి. పేర్లలోని అక్షరముల నడుమ చిన్న ఎడము విడువవలెను. వ్యాకరణమున మీరు పరుషములని చదివిన క, చ, ట, త, ప లనే బిందువులకు పేర్లుగా పెట్టవలెను. ఈ ఐదును ఒకదానినొకటి పోలవు. ప, ష, ఫ వంటివి ఒకే పటమున ఉన్నచో సన్నని అచ్చున ఏది ఏదియో తెలియదు.

మూడవది సున్న. తెలుగు పంక్తిలో చిన్న వలయము కనబడినచో అది పూర్ణానుస్వారమా, తెలుగు అంకెలలోని సున్నయా, ఇప్పుడు మనము వాడు అంకెలలోని సున్నయా, లేక కోణపు డిగ్రీ గుర్తు క్రిందికి జారినదా? కంప్యూటరు వీనిని వేరువేరుగనే ఎరుగును. యూనికోడు పట్టికలో తెలుగు పూర్ణానుస్వారమునకు 3074, తెలుగు సున్నకు 3174, వాడుక సున్నకు 48, డిగ్రీ గుర్తునకు 176 అను సంఖ్యలు కలవు. మనుష్యుని కంటికి మాత్రము నాలుగును వలయములే. మా 1800 అట్లే పుట్టినది. డిగ్రీ గుర్తు దొరకక సున్నను పైకెత్తి పెట్టినారు; పుస్తకమును వేరొక యంత్రముపైకి ఎక్కించినప్పుడు ఎత్తు పోయి సున్న నిలిచినది.

ఒత్తుల సంగతి క్లుప్తముగా చెప్పుదుము. తెలుగున ఒత్తులు పంక్తికి క్రిందుగా వ్రేలాడును. గణితమున వర్గపు గుర్తులును, రేఖాఖండముపై గీయు గీతయు పంక్తికి పైగా నిలుచును. పంక్తుల నడుమ ఎడము చాలనిచో పై పంక్తి ఒత్తు క్రింది పంక్తి గీతను తాకి, లేని గుర్తు నొకదానిని పుట్టించును. కాగితము ఖర్చైనను ఎడము ఎక్కువ విడువవలసినదే.

ఈ కాలమున కూర్పంతయు కంప్యూటరు మీదనే. పాత ఫాంటులలో తెలుగు అక్షరములను రోమను అక్షరముల స్థానములలో దాచియుంచెడివారు. ఆ ఫాంటు లేని యంత్రముపై తెరచినచో తెలుగు మాయమై అర్థము లేని రోమను అక్షరములు కనబడును. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పునుండియే తెలుగునకు స్వంత స్థానములు ఏర్పడినవి. ∴ గుర్తునకు 8756, ∵ గుర్తునకు 8757. సీసపు రోజులలో తలక్రిందైన ముక్క, ఈనాడు ప్రక్కయింటి గుర్తు; వ్రేలు ఒక గడి జారినచో చాలును. మరియొక వింత కలదు. చాల తెలుగు ఫాంటులలో ఈ గణితపు గుర్తులు ఉండవు. లేని గుర్తునకు బదులు యంత్రము ఖాళీ పెట్టెను (□) చూపును. సరిగా అట్టి పెట్టెనే గణితజ్ఞులు ఉపపత్తి ముగిసినదని తెలుపుటకు చివర పెట్టుదురు. పత్రికలలో వ్యాసము చివర ఉండు గుర్తును చూచి పాల్ హాల్మోస్ అను గణితజ్ఞుడు 20వ శతాబ్ది నడుమ దానిని గణితమునకు తెచ్చెను. మా రెండవ ముద్రణపు ప్రూఫులలో ప్రతి ‘కాబట్టి’ యొద్దను ఒక పెట్టె ఉండెను. అనగా ప్రతి ఉపపత్తియు మొదలుకాక మునుపే ముగిసినది!

గణితపు కూర్పునకై ప్రత్యేకముగా పుట్టిన సాధనము టెక్ అనునది. అమెరికాలోని డోనాల్డ్ క్నూత్ అను ఆచార్యుడు 1977లో తన గ్రంథపు క్రొత్త ముద్రణకు వచ్చిన ప్రూఫులను చూచి, ఆ వికారమును ఓర్వలేక, తానే కూర్పు యంత్రవిధానమును వ్రాయ పూనుకొనెను. మరుసటి ఏడు అది పని చేయ నారంభించినది. దానిని అతడు అందరికిని ఉచితముగా ఇచ్చెను. ఇందు గుర్తులను బొమ్మలుగా ఏరికొనుట లేదు. ‘ఇది కాబట్టి గుర్తు’, ‘ఇది ఘాతము’, ‘ఇది ఉపపత్తి’ అని పేరు పెట్టి చెప్పవలెను, అమరికను అది చూచుకొనును. పంక్తిసంఖ్యలను అదియే వేయును; నడుమ ఒక పంక్తి చేర్చినచో క్రింది సంఖ్యలన్నియు తమంతట తామే సరిపడును. గెంట్సెన్ అడ్డగీతలతో చూపిన ఉపపత్తి వృక్షములను కూర్చుటకు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శామ్యూల్ బస్ వ్రాసిన అనుబంధము కలదు. 2004లో వచ్చిన జీటెక్ అను రూపము యూనికోడు తెలుగును నేరుగా చదువును. పోతన, మండలి వంటి ఉచిత ఫాంటులతో మన అక్షరములను, వేరొక ఫాంటునుండి గుర్తులను తీసికొని ఒకే పంక్తిలో నిలుపవచ్చును. నేర్చుకొనుటకు ఓపిక వలెను. మా కైతే ఒక వేసవి సెలవంతయు పట్టినది.

తలిదండ్రులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న కలదు. “గణితమును తెలుగున చదివినచో పైచదువులలో పిల్లలు వెనుకబడరా?” మన ఊరి వీథినే చూడుడు. తమిళ మాధ్యమపు పిల్లవాడు ∴ గుర్తును చూచి ‘ఎనవే’ అనును. హోసూరువైపు కన్నడము చదువు పిల్ల ‘ఆద్దరింద’ అనును. మన పిల్ల ‘కాబట్టి’ అనును. కాగితముపై ముగ్గురును పెట్టునవి అవే మూడు చుక్కలు. పారిభాషిక పదములను రేపు ఇంగ్లీషులో మరల నేర్వవలసివచ్చుట నిజము. ఆ కష్టమును మేము దాచము. కాని ఏది దేనికి కారణమో తెలిసికొను నేర్పు ఒక్కసారియే నేర్వవలసినది. అది అర్థమగు భాషలోనే అబ్బును. పాఠము తప్పుగా అచ్చయినచో మాత్రము ఏ భాషలోను అబ్బదు. పెద్ద భాషల పుస్తకములను వేలమంది చదువుదురు, ఎవరో ఒకరు తప్పు పట్టి తెలుపుదురు. మన పుస్తకమునకు నూరు ప్రతులే. తప్పు పట్టవలసిన వారమును మనమే.

అందుచేత క్రొత్త కూర్పున మేము చుక్కలనే తగ్గించి, రాన్ చూపిన త్రోవను పట్టితిమి. ఆ మొదటి సిద్ధాంతము ఇప్పుడు ఇట్లున్నది. క యందలి కోణమును సమద్విఖండన చేయు రేఖ చ ట భుజమును త వద్ద కలియును.

(1) క చ = క ట ... దత్తాంశము
(2) ∠చ క త = ∠ట క త ... నిర్మాణము
(3) క త = క త ... ఉమ్మడి భుజము
(4) △ క చ త ≅ △ క ట త ... (1), (2), (3), భు.కో.భు. నియమము
(5) ∠చ = ∠ట ... (4), సర్వసమాన త్రిభుజముల అనురూప కోణములు □

ఎడమవైపున మాట, కుడివైపున దాని ఆధారము. నియమము ఒక్కటే: ఏ పంక్తియైనను తనకు పైనున్న పంక్తులనే ఆధారముగా చూపవలెను, తననుగాని, తనకు క్రిందనున్న దానినిగాని చూపరాదు. చుక్కలు తలక్రిందులైనచో కంటికి తెలియకపోవచ్చును. నాల్గవ పంక్తి ఐదవదానిని ఆధారముగా చూపినచో, గణితము రానివారును, ఇంటివద్ద పిల్లలను చదివించు తల్లియును, ఇది తప్పు అని చెప్పగలరు.

క్రొత్త కూర్పు వచ్చునప్పటికి ఆ బాలిక పైతరగతులకు వెడలిపోయెను. ఆమె తమ్ముడు ఇప్పుడు మన పాఠశాలలోనే ఉన్నాడు. పుస్తకము పంచిన వారమునకు అతడు వచ్చి, “సార్, మా అక్క చూడమనింది. పదకొండో పుటలో మూడో పంక్తికి ఎనిమిదో పంక్తి ఆధారమని వేసినారు. ఆడ ఉండేది ఆరు పంక్తులే సార్” అన్నాడు. (2) అని ఉండవలసినది (8) అయినది. సంఖ్యను యంత్రమునకు విడువక మేము చేతితో కొట్టిన ఒకే ఒక చోటు అది. ఆ సాయంత్రము ప్రతులన్నిటిని తెప్పించి, ఎర్రసిరాతో దిద్ది తిరిగి ఇచ్చితిమి.